హోమ్‌లో చేరిన ఆడపిల్ల బడిలో నిలబడాలంటే

ఆడపిల్లల హోమ్ అనగానే అన్నం, పక్క, కాపలా గుర్తొస్తాయి. బాలల న్యాయ చట్టం 2015, దాని కింద వచ్చిన 2016 నియమాలు కూడా వీటి గురించి చాలా వివరంగా చెప్తాయి. పడుకునే గదిలో ఒక్కో పిల్లకు 40 చదరపు అడుగుల చోటు ఉండాలి, ఏడుగురికి ఒక మరుగుదొడ్డి ఉండాలి, సిబ్బంది ఆడవాళ్లే అయ్యుండాలి. తనిఖీకి వచ్చినవాళ్లు టేపు పెట్టి కొలిచి, రిజిస్టర్ చూసి సంతకం చేసి వెళ్లొచ్చు. చదువు అలా కొలతకు దొరకదు. అందుకే వేళకు తింటూ, క్షేమంగా పడుకుంటూ కూడా చదువు పోగొట్టుకున్న పిల్లలు హోముల్లో కనిపిస్తారు. హోమ్‌లో చేరిన రోజుకూ బడి బెంచీ మీద కూర్చున్న రోజుకూ మధ్య కొందరు జారిపోతారు. పద్దెనిమిదేళ్లు నిండే దగ్గర ఇంకొందరు జారిపోతారు. ఈ రెండు చోట్లా గట్టిగా పట్టుకుంటే మధ్యలో వచ్చే కష్టాలు తట్టుకోదగ్గవే.

తెలంగాణలో గానీ ఆంధ్రలో గానీ హోమ్‌కి వచ్చేవాళ్లందరూ అనాథలు కారు. చాలామందికి తల్లో తండ్రో, కనీసం అమ్మమ్మో ఉంటారు. గద్వాల నడిగడ్డ నుంచి, కర్నూలు జిల్లా ఊళ్ల నుంచి సీడు పత్తి చేలల్లో క్రాసింగ్ పనికి వెళ్లి బడి మానేసిన పిల్లలు వస్తారు. సాయంత్రం మొగ్గ విప్పి మగ భాగం తీసేయడం, మర్నాడు పొద్దున్నే పుప్పొడి అద్దడం ఆ పని. చిన్న వేళ్లయితే చక్కగా జరుగుతుందని ఆడపిల్లల్ని పెడతారు, అదీ సరిగ్గా బడులు నడిచే నెలల్లోనే. ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చిన కుటుంబాల పిల్లలు వస్తారు. పెళ్లి పీటల దగ్గర ఆపిన పిల్లలు వస్తారు. పద్దెనిమిదేళ్లలోపు పెళ్లి చేసే ప్రమాదం ఉంటే చాలు, ఆ అమ్మాయిని సంరక్షణ అవసరమైన బాలికగానే బాలల న్యాయ చట్టం చూస్తుంది. పోక్సో కేసుల్లో, అంటే పిల్లల మీద జరిగే లైంగిక నేరాల కేసుల్లో బాధితులైనవాళ్లు, తాగుడు ఇంట్లోంచి తప్పించుకొచ్చినవాళ్లు, స్టేషన్లో దొరికినవాళ్లు ఉంటారు. ఒక్కొక్కరి చదువు ఒక్కోచోట తెగి ఉంటుంది. అందరినీ ఒకే గాటన కట్టి తరగతిలో పడేస్తే కుదరదు.

పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ వెళ్లాక పిల్లను 24 గంటల్లోపు, ప్రయాణ సమయం మినహాయించి, జిల్లా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. అందరూ సీడబ్ల్యూసీ అనేది దీన్నే. సమితి ఉత్తర్వుతో పిల్ల ప్రభుత్వ హోమ్ అయిన బాలసదన్‌కో, రిజిస్ట్రేషన్ ఉన్న స్వచ్ఛంద సంస్థ హోమ్‌కో వెళ్తుంది. సామాజిక విచారణ 15 రోజుల్లో పూర్తి కావాలి, తుది ఉత్తర్వు నాలుగు నెలల్లోపు రావాలి. ఈ నాలుగు నెలలే ప్రమాదం. "ఉంటుందో, ఇంటికి పంపేస్తారో తేలాక బడిలో వేద్దాం" అనే మాట చాలా హోముల్లో వినిపిస్తుంది. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ నవంబరులో వచ్చిన పిల్ల విషయంలో ఆ మాట పట్టుకుంటే విద్యాసంవత్సరం మొత్తం పోతుంది. అప్పటికే రెండేళ్లు వెనకబడ్డ పిల్ల మూడేళ్లు వెనకబడుతుంది. తుది ఉత్తర్వు కోసం ఆగమని ఏ చట్టమూ చెప్పలేదు. మొదటి సిట్టింగులోనే "దగ్గరలోని ప్రభుత్వ పాఠశాలలో చేర్పించవలెను" అనే వాక్యం ఉత్తర్వులో రాయమని హోమ్ సూపరింటెండెంట్ అడగాలి. ఆ ఒక్క వాక్యం చేతిలో ఉంటే హెచ్ఎం దగ్గర సగం పని అయిపోయినట్టే.

మిగతా సగానికి విద్యాహక్కు చట్టం ఉంది. అందులో 4, 5, 14 సెక్షన్లు హోమ్ ఆఫీసు గోడ మీద అతికించుకోదగ్గవి. నాలుగో సెక్షన్ ప్రకారం వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడ్డదాన్ని అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. అలా చేరిన పిల్లకు 14 దాటినా ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఉచితంగా చదువుకునే హక్కు ఉంటుంది. అయిదో సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందన్న కారణంతో చేర్చుకోకుండా ఉండకూడదు. వయసు ధ్రువపత్రం లేదని తిప్పి పంపకూడదని పద్నాలుగోది చెప్తుంది. అయితే బడి మొహమే చూడని పదిహేనేళ్ల పిల్లకు ఈ చట్టం అండ ఉండదు. దాని పరిధి 6 నుంచి 14 ఏళ్ల వరకే. ఆ పిల్లకు దారి వేరుగా వెతకాలి, దాని సంగతి తర్వాత చెప్తాను.

హెచ్ఎంలు అడ్డం చెప్పేది అన్నిసార్లూ మొండితనంతో కాదు. ఈ మధ్య అసలు చిక్కు కంప్యూటర్లో వస్తోంది. బడి పిల్లల వివరాలన్నీ ఉండే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డు యూడైస్ ప్లస్‌లో పిల్ల పేరు పాత బడిలోనే ఇంకా నడుస్తూ ఉంటుంది, కాబట్టి కొత్త బడి ఎక్కించలేదు. పాత బడి ఆ పేరును డ్రాప్ బాక్స్‌లోకి వదలాలి. అప్పుడు పెన్ నంబరు (ఆ రికార్డులో పిల్లకు ఇచ్చే శాశ్వత సంఖ్య), పుట్టిన తేదీ కొట్టి కొత్త బడి లాక్కోవచ్చు. పిల్లకు పెన్ నంబరు తెలియదు, ఊరి పేరు, టీచరు పేరు మాత్రం గుర్తుంటాయి. అవి చాలు. హోమ్ సోషల్ వర్కర్ ఆ మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసుకు ఫోన్ చేసి బడి పట్టుకోవచ్చు. ఇది జరగకుండానే కొత్త పేరుతో కొత్త ఎంట్రీ వేసేస్తే ఒకే పిల్లకు రెండు రికార్డులు తయారవుతాయి. ఆ ముడి పదో తరగతిలో బిగుసుకుంటుంది.

కాగితాల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే పిల్లల చదువు ఆగేది తెలివి తక్కువై కాదు, తేదీ కలవక. ఆధార్‌లో జనవరి 1, పాత బడి రిజిస్టర్లో జూన్ 10, సీడబ్ల్యూసీ ఉత్తర్వులో సుమారు 13 ఏళ్లు అని ఉంటుంది. మూడింటిలో ఏది నిలుస్తుందో ముందే తేల్చుకోవాలి. బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్‌లో వరస ఉంది. బడి ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం గానీ పదో తరగతి మెమో గానీ ముందు, అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన పత్రం, రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష. సమితి నిర్ధారించి రాసిన వయసే ఆ చట్టం కింద అసలు వయసు. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చుకునే అవకాశం మామూలుగా ఒక్కసారే, కాబట్టి తేదీ తేలకుండా ఆధార్ కేంద్రానికి పరిగెత్తకూడదు. ఆధార్ కార్డే లేని పిల్లకు గుర్తింపు ఉన్న హోమ్ సూపరింటెండెంట్ నిర్ణీత నమూనాలో పత్రం ఇస్తే నమోదు చేస్తారు. పదిహేనేళ్లు నిండాక వేలిముద్రలు కొత్తగా ఇవ్వాలి. అది మర్చిపోతే స్కాలర్‌షిప్ దరఖాస్తు దగ్గర వేలిముద్ర పడక తిప్పలు. పదో తరగతి పరీక్ష రాసేవాళ్ల జాబితా (నామినల్ రోల్స్) పంపేముందు పేరు, ఇంటి పేరు, తేదీ అక్షరం అక్షరం సరిచూడాలి. మెమో వచ్చాక దిద్దించాలంటే హెచ్ఎం, డీఈవో, పరీక్షల విభాగం వరకూ ఫైలు నడవాలి.

కులం పత్రం సంగతి చాలామందికి తెలియదు. పదేళ్లలోపే తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని, చట్టరీత్యా గానీ ఆచారం ప్రకారం గానీ చూసుకునే దిక్కు లేక, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన సంస్థలో చేరిన అనాథ పిల్లలు రెండు రాష్ట్రాల్లోనూ బీసీ-ఏ జాబితాలో ఉన్నారు. ఈ పత్రం కోసం తహసీల్దారుకు పెట్టే దరఖాస్తుతో పాటు తల్లిదండ్రుల మరణ పత్రాలు లేదా సమితి ఉత్తర్వు, హోమ్ రిజిస్ట్రేషన్ కాపీ, పిల్ల చేరిన తేదీ ఉన్న అడ్మిషన్ రిజిస్టర్ పేజీ జతచేయాలి. పదేళ్లలోపే పోగొట్టుకుందని చూపించే ఆధారం ఉన్నప్పుడే సేకరించి దాచాలి. పదిహేడో ఏట కాలేజీ సీటు కౌన్సెలింగుకు రెండు రోజుల ముందు వెతికితే దొరకదు.

ఇక చదువు. పేరు ఏడో తరగతిలో ఉన్నంత మాత్రాన పిల్ల ఏడులో ఉన్నట్టు కాదు. వచ్చిన మొదటి వారంలో, కాస్త కుదుటపడ్డాక, రెండో తరగతి తెలుగు వాచకంలోంచి ఒక పేరా చదివించి చూడాలి. అమ్మ, అక్క అన్న మాటలు చటుక్కున చదివేస్తుంది, అవి బొమ్మల్లా గుర్తుండిపోయినవి. రాష్ట్రం దగ్గర, వస్త్రం దగ్గర ఆగిపోతుంది. అంటే అక్షరాలు వచ్చు, గుణింతం సగం వచ్చు, ఒత్తులు రావు. లెక్కల్లో 503లోంచి 278 తీసేయమంటే తెలిసిపోతుంది. మధ్యలో ఉన్న సున్నా దగ్గర అప్పు ఎలా తెచ్చుకోవాలో తెలియక 375 అని రాస్తుంది, చిన్న అంకెను పెద్ద అంకెలోంచి తీసేసి. ఆ జవాబు చూసి లెక్కలు రావని అనేస్తారు. నిజానికి ఆ పిల్లకు స్థానవిలువ ఎవరూ చెప్పలేదు. పది పుల్లలను కట్టగా, పది కట్టలను మోపుగా కట్టి చేతికిచ్చి, ఒక మోపు విప్పించి చూపిస్తే ఆ వారంలోనే అందుతుంది. ఒత్తులకు మాత్రం టైం పడుతుంది. ప్రతిరోజూ ఒక ఒత్తు, దానితో పది మాటలు, ఆ మాటలతో పిల్లే చెప్పిన రెండు వాక్యాలు. ఆ వాక్యాలను బోర్డు మీద రాసి తనతోనే చదివించాలి. తన నోటి మాటను తనే చదువుకోవడంలో ఉన్న సంతోషం వాచకంలోని ఎలుక కథకు రాదు.

ప్రత్యేక శిక్షణకు విద్యాహక్కు నియమాలు కనీసం మూడు నెలలు, గరిష్ఠంగా రెండేళ్లు ఇచ్చాయి. ఎంవీ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో పనిలో ఉన్న పిల్లల్ని బయటికి తెచ్చి బ్రిడ్జి కోర్సు క్యాంపుల్లో ఉంచి చదివించిన అనుభవం మనకు ఇంట్లోనే ఉంది. ఆ సంస్థను నడిపించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. ఆ క్యాంపులు చూపించింది ఏమిటంటే, పదకొండేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెట్టకూడదు. ఎత్తుగా, వెనక బెంచీలో, పక్కన ఆరేళ్ల పిల్లలతో కూర్చున్న అమ్మాయి సిగ్గుతోనే మానేస్తుంది. పెద్ద పిల్లలు త్వరగా నేర్చుకుంటారు, వాళ్లకు కావలసింది వాళ్ల వయసు తోటివాళ్లూ, అందుకునేదాకా రోజూ వెంటపడే టీచరూ. హైదరాబాద్‌లో రెయిన్‌బో హోమ్స్ ఎంచుకున్న దారి కూడా నాకు నచ్చుతుంది. కోల్‌కతా లొరెటో సియాల్దా బడిలో సిస్టర్ సిరిల్ మొదలుపెట్టిన పద్ధతి అది. బడి ఆవరణలో ఖాళీగా ఉన్న గదులనే పిల్లల ఇల్లుగా మారుస్తారు. బడికి తీసుకెళ్లడం, తీసుకురావడం, వానలో బస్సు దొరకకపోవడం లాంటి సాకులన్నీ ఒక్కదెబ్బతో పోతాయి.

మీడియం ఇంకో గోడ. తెలుగులోనే తడబడుతున్న పిల్ల ఇంగ్లిష్ మీడియం తరగతిలో పడుతుంది. ఇప్పుడు ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉంటున్నాయి కదా, హోమ్ ట్యూషన్‌లో ముందు తెలుగు పేజీ చదివి విషయం అర్థం చేసుకున్నాకే ఎదురుగా ఉన్న ఇంగ్లిష్ పేజీకి తిరగాలి. కోయ, గోండి, లంబాడీ, ఒడియా మాట్లాడే పిల్లలకు తెలుగే రెండో భాష అని గుర్తుంచుకుంటే చాలా విసుగు తగ్గుతుంది.

స్టడీ అవర్ విషయంలో నా అభిప్రాయం కాస్త కటువుగా ఉంటుంది. సాయంత్రం 6 నుంచి 8 వరకు ఎవరూ ముట్టుకోకూడదు. కానీ దాతలు పుట్టినరోజు కేకుతో వచ్చేది సరిగ్గా అప్పుడే. పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, పాట పాడించి, ఫోటో దిగి వెళ్తారు. నెలలో అలాంటివి అయిదారు పడితే ఫిబ్రవరిలో సిలబస్ ఎందుకు మిగిలిందో వెతకక్కర్లేదు. ఫోటో సంగతైతే చట్టమే ఒప్పుకోదు. బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం పిల్ల గుర్తింపు బయటపెడితే ఆరు నెలల వరకు జైలు గానీ రెండు లక్షల వరకు జరిమానా గానీ, లేదా రెండూ. కేకు తెచ్చేవాళ్లను ఆదివారం మధ్యాహ్నం రమ్మని చెప్పడానికి మొహమాటం ఎందుకు?

హోంవర్క్ ఇప్పుడు వాట్సాప్‌లో వస్తోంది. నలభైమంది పిల్లలకు ఉన్నది సూపరింటెండెంట్ ఫోన్ ఒక్కటే, ఆవిడేమో మీటింగులో ఉంటుంది. దీనికి ఒక పాత ఫోన్ కేటాయించి, బడి వదిలాక ఒకరు కూర్చుని తరగతివారీగా గోడ బోర్డు మీద ఎక్కించేస్తే గొడవ తీరుతుంది. బడిలో తల్లిదండ్రుల సమావేశానికి హోమ్ నుంచి ఎవరో ఒకరు తప్పకుండా వెళ్లాలి, అదీ ప్రతిసారీ ఒకే మనిషి. టీచరు "హోమ్ పిల్లలు లేవండి" అని పిలిచే అలవాటు ఉంటే ఆ రోజే పక్కకు పిలిచి మర్యాదగా చెప్పాలి. పేరు పెట్టి పిలవడం వల్ల పిల్ల బడిలో ఎంత తేలిగ్గా ఊపిరి పీలుస్తుందో చూసినవాళ్లకే తెలుస్తుంది.

పొద్దున్నే తరగతిలో నిద్రపోయే పిల్లను బద్ధకం అనకముందు మూడు చూడాలి. రాత్రి పీడకలలతో నిద్ర చెడుతోందా, రక్తం తక్కువగా ఉందా, బోర్డు కనిపిస్తోందా. కళ్లజోడుతో బాగుపడ్డ "మొద్దు" పిల్లలు ఎందరో. వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. బడిలో ఇచ్చే రోజు పిల్ల రాకపోతే హోమ్‌లో ఇవ్వాలి, ఖాళీ కడుపున మాత్రం కాదు. నెలసరి రోజుల్లో హాజరు పడిపోతోందంటే ప్యాడ్లు అడిగి తీసుకోవలసి వస్తోందని అర్థం. స్టోర్ రూములో తాళం వేసి ఉంచడం మానేసి, స్నానాల గది పక్క అరలో పెట్టేయాలి.

పోక్సో కేసులున్న పిల్లలకు కోర్టు తేదీ, పరీక్ష తేదీ ఒకే రోజు పడుతుంటాయి. పరీక్షల టైంటేబుల్ రాగానే దాని కాపీని పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు ఇచ్చి వాయిదా ముందే అడగాలి. వాంగ్మూలం ఇచ్చి వచ్చిన మర్నాడు పిల్లను బడికి తోలకపోయినా ఫర్వాలేదు. ఆ రోజు నోట్స్ తెచ్చిపెట్టే స్నేహితురాలు ఉండేలా చూస్తే చాలు.

ఈ మధ్యకాలంలో, అంటే బడిలో చేరాక పద్దెనిమిది వచ్చేలోపు, చదువు ఎక్కువగా తెగేది సెలవుల్లో. సంక్రాంతికి ఇంటికెళ్లిన పిల్ల తిరిగి రాదు, జూన్ 12న బడి తెరిచేసరికి పెళ్లి కుదిరిపోయి ఉంటుంది. చట్టం ఉద్దేశం పిల్లను ఇంటికి చేర్చడమే, అది సరైనదే, హోమ్ ఆఖరి దారి మాత్రమే. కానీ విద్యాసంవత్సరం మధ్యలో పంపకుండా ఏప్రిల్ పరీక్షల తర్వాత పంపమని సమితిని కోరవచ్చు. పంపేటప్పుడు ఊరి బడిలో సీటు ఖరారై ఉండాలి. పిల్లల సంరక్షణకు కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. పల్లెలో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000, ఇతర చోట్ల 96,000 దాటకూడదు. తల్లి ఒంటరిగా పెంచుతున్న ఇంట్లో ఆ డబ్బు పిల్లను మళ్లీ పనికి వెళ్లకుండా ఆపగలదు. సెలవులకు వెళ్లిన పిల్లలకు వారం వారం ఫోన్ చేయాలి, పిల్లతోనే మాట్లాడించమనాలి. "పక్కింటికెళ్లింది" అని రెండుసార్లు వినిపిస్తే మూడోసారి ఫోన్ చేయాల్సింది ఆ ఊరి అంగన్వాడీ టీచరుకో, ఐసీడీఎస్ సూపర్‌వైజరుకో.

ఇల్లు క్షేమంగా ఉండి బడి మాత్రమే దూరమైన పిల్లకు హోమ్ అవసరం లేదు, కస్తూర్బా విద్యాలయం చాలు. 2004లో మొదలైన ఈ రెసిడెన్షియల్ బడుల్లో నాలుగింట మూడు వంతుల సీట్లు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ ఆడపిల్లలకు, మిగతావి దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాల పిల్లలకు. మొదట ఎనిమిది వరకే ఉండేవి, 2018లో సమగ్ర శిక్ష పథకం వచ్చాక చాలాచోట్ల ఇంటర్ దాకా పెరిగాయి. ఆరో తరగతి, ఇంటర్ మొదటి ఏడాది సీట్లకు పోటీ ఉంటుంది గానీ ఏడు, ఎనిమిది, తొమ్మిదిలో ఖాళీలు తేలుతుంటాయి. మధ్యలో బడి మానేసిన పిల్లకు అవే దారి.

ముందు చెప్పిన పదిహేనేళ్ల పిల్లకు ఓపెన్ స్కూల్ ఉంది. 14 నిండితే పదో తరగతికి కట్టవచ్చు, అయిదు సబ్జెక్టులు చాలు. జాతీయ ఓపెన్ స్కూల్ అయిన ఎన్ఐఓఎస్‌లో అయితే అయిదేళ్లలో తొమ్మిది అవకాశాలుంటాయి. ఇది మంచి దారే, కానీ రెగ్యులర్ బడిలో కూర్చోగలిగిన పదమూడేళ్ల పిల్లను కూడా "ఏడాది ఆగి ఓపెన్‌లో కట్టిద్దాం" అంటే ఒప్పుకోకూడదు. ఓపెన్‌లో ఫీజు కట్టడం సులువు, రోజూ చెప్పే మనిషి లేకపోతే పాసవడం కష్టం.

ఇక పద్దెనిమిది. పద్నాలుగేళ్లకు ఏడో తరగతిలో చేరిన పిల్లకు పదో తరగతి అయ్యేసరికి పదిహేడు దాటుతుంది, ఇంటర్ మొదటి సంవత్సరంలో పద్దెనిమిది నిండుతుంది. అంటే పుస్తకం మధ్యలో ఉండగా హోమ్ ఖాళీ చేయాలి. ఆలస్యంగా మొదలుపెట్టిన ప్రతి పిల్లకూ ఇదే లెక్క, కాబట్టి చేరిన రోజే వేసుకోవాల్సిన లెక్క. బాలల న్యాయ చట్టం 46వ సెక్షన్ కింద హోమ్ వదిలే పిల్లకు ఆర్థిక సాయం ఇవ్వొచ్చు. హోమ్ వదిలాక ఇచ్చే ఈ అండను ఆఫ్టర్‌కేర్ అంటారు, మామూలుగా 21 వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో మరో రెండేళ్లు. మిషన్ వాత్సల్యలో దీనికి నెలకు 4,000. ఇది దానంతట అది రాదు. పదహారో ఏట నుంచే ఫారం 7 సంరక్షణ ప్రణాళికలో ఏ కోర్సు, ఏ ఊరు, ఎక్కడ ఉంటుంది అన్నవి పిల్లతో మాట్లాడి రాయాలి, జిల్లా బాలల సంరక్షణ అధికారికి ప్రతిపాదన ముందే వెళ్లాలి. పిల్ల పేరున బ్యాంకు ఖాతా, పోస్ట్ మెట్రిక్ హాస్టల్ సీటు, ఆదాయ పత్రం, స్కాలర్‌షిప్ దరఖాస్తు వరసగా కావాలి. పదిలో మంచి మార్కులు వస్తే బాసర, నూజివీడు లాంటి ఆర్జీయూకేటీ (ట్రిపుల్ ఐటీ) క్యాంపస్‌లకు తప్పకుండా కట్టించాలి. అక్కడ పది మార్కుల మీదే ఆరేళ్ల కోర్సులో సీటు ఇస్తారు, ఉండేదీ అక్కడే, పద్దెనిమిది సమస్య దాటిపోతుంది. పాలిటెక్నిక్ కూడా హాస్టల్ ఉన్నచోటే చూడాలి. కుట్టుమిషన్ కోర్సు ఇచ్చి పంపేసే అలవాటు నాకు బాధ కలిగిస్తుంది, పిల్ల కోరుకుంటే తప్ప.

సాయం చేయాలనుకునేవాళ్లకు. బియ్యం, బట్టలు హోములకు ఎలాగో అందుతాయి. దొరకనిది లెక్కలు, ఇంగ్లిష్ చెప్పే మనిషి. జూన్ నుంచి మార్చి వరకు వారానికి రెండు సాయంత్రాలు, అదే మనిషి, అదే వేళ. ముందు జిల్లా బాలల సంరక్షణ అధికారికి దరఖాస్తు పెట్టి, పోలీసు వెరిఫికేషన్ చేయించుకుని, హోమ్ సిబ్బంది ఎదుటే పాఠం చెప్పాలి. మధ్యలో మానేసేలా ఉంటే మొదలుపెట్టకండి, ఆ పిల్లలు ఇప్పటికే చాలామంది వెళ్లిపోవడం చూశారు. టైం లేనివాళ్లు పదో తరగతి పిల్లలకు గైడ్లు, ఎంట్రన్స్ దరఖాస్తు ఫీజులు, కౌన్సెలింగ్ రోజున పిల్లతో పాటు వెళ్లే సిబ్బందికి బస్సు ఛార్జీలు ఇవ్వండి. వీటికి పద్దుల్లో డబ్బు దొరకడం కష్టం, ఇవి లేకపోతే సీటు వచ్చినా చేరలేరు.